ఇంజిన్ నీళ్ళ కథ: హిందూపురం నుంచి సముద్రం దాకా

1893లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మన దగ్గర, ఇంకోటి జర్మనీలో. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సంస్థానం సరిహద్దు దాకా సదరన్ మరాఠా రైల్వే వాళ్ళ మీటర్ గేజ్ లైను తెరుచుకుంది. అదే ఏడాది ఆగస్టు 10న ఔగ్స్‌బర్గ్ ఊళ్ళో రుడాల్ఫ్ డీజిల్ తన మొదటి ఇంజిన్ని మండించి చూశాడు. ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది గానీ, నిప్పు పెట్టకుండా గాలిని నొక్కిపెట్టి ఇంధనాన్ని మండించొచ్చు అన్న ఆయన మాట మాత్రం నిజమని తేలింది.

ఈ రెండింటికీ సంబంధం ఏంటంటారా? నీళ్ళు. ఆ రైలుకీ నీళ్ళు కావాలి, ఈ ఇంజిన్‌కీ నీళ్ళు కావాలి. నీళ్ళే సరిగ్గా దొరకని మన అనంతపురం సీమలో (2022 ఏప్రిల్ నుంచి ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి లెండి) ఇంజిన్ నీళ్ళ చరిత్ర గురించి మాట్లాడుకోవడంలో తప్పేం లేదు. అసలు నేను రాయాలనుకున్నది ఓడల డీజిల్ ఇంజిన్లలో కూలెంట్‌ని ఎలా ఎంచుకున్నారు, ఎందుకు మార్చుకుంటూ వచ్చారు అన్నదాని గురించి. హిందూపురం నుంచి సముద్రం చూడాలంటే ఎటు పోయినా మూడొందల కిలోమీటర్లు పోవాలి. అయినా ఓడ ఇంజిన్ పడ్డ ప్రతి పాటూ మన బావి దగ్గరి ఆయిల్ ఇంజిన్ కూడా పడింది. అది ఎలాగో చూద్దాం.

చల్లార్చక్కర్లేదు అనుకున్న పెద్దమనిషి

డీజిల్ గారి మొదటి ఊహలో సిలిండర్ చుట్టూ నీళ్ళే లేవు. ఇంజిన్‌లో పుట్టే వేడినంతా పనిగా మార్చుకోవాలి, నీళ్ళకిచ్చి పారబోయడం దండగ అన్నది ఆయన సిద్ధాంతం. కాయితం మీద చాలా అందమైన లెక్క. మా ఇంజినీరింగ్‌లో థర్మోడైనమిక్స్ చదివిన వాళ్ళెవరికైనా ఆ అందం తెలుస్తుంది, ఆ తరవాత పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయన్నది వేరే సంగతి. కానీ ఇనుముకి సిద్ధాంతాలు తెలియవు. వేడెక్కితే సాగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది, నూనె మాడిపోతుంది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించి, ఇంధనంలోని శక్తిలో 26 శాతం పైగా పనిగా మారుస్తోందని తేల్చిన ఇంజిన్ ఉంది చూశారూ, దాని సిలిండర్ చుట్టూ నీళ్ళ జాకెట్ ఉంది.

అంటే లెక్క ఇలా తేలింది. ఇంజిన్‌లో మండిన నూనెలో కొంత భాగం పని చేస్తుంది, కొంత పొగతో పోతుంది, కొంత సిలిండర్ గోడల గుండా బైటికొస్తుంది. మామూలు బండి ఇంజిన్లలో ఈ మూడూ ఇంచుమించు సమాన వాటాలు. ఈ మూడో వాటాని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఆ పనికి నీళ్ళని మించినది ఇప్పటికీ లేదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్ళు కావాలి. చవగ్గా దొరికే ద్రవాల్లో ఇంత వేడిని కడుపులో పెట్టుకునేది మరొకటి లేదు.

కాబట్టి చల్లార్చాలా వద్దా అన్నది 1890లలోనే తేలిపోయింది. ఆ తరవాత నూట పాతికేళ్ళుగా నడుస్తున్న కథంతా ఏ నీళ్ళు అన్న దాని చుట్టూనే.

సముద్రం నిండా నీళ్ళే, కానీ...

1903లో రష్యాలో నోబెల్ సోదరుల కంపెనీ వాళ్ళు వాండాల్ అనే నూనె ఓడకి డీజిల్ ఇంజిన్లు బిగించారు. 1912లో డెన్మార్క్‌లో బర్మైస్టర్ అండ్ వైన్ వాళ్ళు సెలాండియా కట్టారు. మహాసముద్రాలు దాటిన మొదటి పెద్ద డీజిల్ ఓడగా దానికి పేరు. కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్ దాకా పోయింది. దానికి మామూలు ఓడలకున్నట్టు పొగగొట్టం లేదు, పొగని స్తంభం గుండా పంపేసేవాళ్ళు. చూసినవాళ్ళకి ఇదేం ఓడ, పొగగొట్టం లేకుండా ఎలా నడుస్తోంది అని వింత.

ఆ తొలి తరం ఓడ ఇంజిన్లు చాలావాటిని సముద్రపు నీళ్ళతోనే చల్లార్చేవాళ్ళు. చుట్టూ అంత నీరు పెట్టుకుని వేరే నీళ్ళు మోసుకెళ్ళడం ఎందుకు? ఒక పంపుతో తోడు, సిలిండర్ చుట్టూ తిప్పు, అవతలి పక్కనుంచి మళ్ళీ సముద్రంలోకి వదులు. తేలిక.

ఇప్పుడు మన బావి దగ్గరికి రండి. కరెంటు రాకముందు, వచ్చినా ఎప్పుడుంటుందో తెలియని రోజుల్లో, రాయలసీమలో బావుల మీద ఆయిల్ ఇంజిన్లు ఉండేవి. కిర్లోస్కర్లు, లిస్టర్ నమూనాలో చేసినవి, 5 హార్స్ పవర్ వి ఎక్కువ. కొన్నిటికి పక్కనే ఓ డ్రమ్ము పెట్టేవాళ్ళు, వేడెక్కిన నీళ్ళు పైకి పోయి చల్లటివి కిందకొస్తూ వాటంతటవే తిరిగేవి. చాలావాటికి ఆ డ్రమ్ము కూడా ఉండేది కాదు. పంపు తోడే నీళ్ళలోంచే సన్నటి పైపు ఒకటి ఇంజిన్ జాకెట్‌లోకి ఇచ్చి, అవతలి పక్కనుంచి వేడినీళ్ళు కాలవలో పడేట్టు చేసేవాళ్ళు. చలికాలం పొద్దున పూట ఆ వేడినీళ్ళ దగ్గర స్నానం చేసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే అడగండి, చెప్తారు.

అంటే హిందూపురం పొలంలో ఇంజిన్, బాల్టిక్ సముద్రంలో ఓడ, రెండూ చేసేది ఒకటే. పక్కనున్న నీళ్ళని పచ్చిగా లోపలికి తీసుకుని, ఒకసారి వాడి వదిలెయ్యడం. రెండిటికీ వచ్చిన రోగం కూడా ఒకటే.

పప్పు ఉడకని నీళ్ళు

మనవైపు బోరు నీళ్ళు పోసి పప్పు పెడితే ఓ పట్టాన ఉడకదు. గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది. నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే దానికి కారణం. చక్కెర వేడి నీళ్ళలో బాగా కరుగుతుంది కదా, ఈ సున్నపు లవణాలు దానికి తిరకాసు. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇవి కరిగి ఉండలేవు. ఎక్కడ గోడ వేడిగా ఉంటే అక్కడే వచ్చి అంటుకుంటాయి. ఇంజిన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు సిలిండర్ పైభాగం, అంటే ఎక్కడ చల్లదనం ఎక్కువ కావాలో సరిగ్గా అక్కడే పొర కడతాయన్నమాట.

ఈ పొర ఎంత చెడ్డదో ఒక లెక్క చూడండి. పోత ఇనుము వేడిని పంపే సామర్థ్యం మీటరుకు డిగ్రీకి సుమారు 50 వాట్లు. సున్నపు గారకి ఒకటో రెండో. అంటే ఒక్క మిల్లీమీటరు మందం గార పట్టిందంటే, సిలిండర్ గోడకి 25 నుంచి 50 మిల్లీమీటర్ల ఇనుము అదనంగా పోత పోసినట్టే. నీళ్ళు బాగానే తిరుగుతుంటాయి, చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి, లోపల మాత్రం పిస్టన్ మాడుతుంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కాదు, వేడి నీళ్ళలోకి రావట్లేదని కూడా అయ్యుండొచ్చు.

సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. అందుకే ఆ నీళ్ళతో చల్లార్చే ఇంజిన్లలో బైటికొచ్చే నీటి వేడిని 50, 55 డిగ్రీలు దాటనిచ్చేవాళ్ళు కాదు. దాటితే పొర కట్టడం మొదలు. కానీ ఇంజిన్‌కి అంత చల్లదనం కూడా మంచిది కాదు. మండించినప్పుడు పుట్టే గంధకపు ఆమ్లాలు చల్లటి గోడల మీద చెమ్మగా దిగి వాటిని తినేస్తాయి. 80, 90 డిగ్రీల్లో నడిస్తేనే ఇంజిన్‌కి సుఖం. అంటే సముద్రపు నీళ్ళతో ముందుకుపోతే నుయ్యి, వెనక్కిపోతే గొయ్యి.

పైగా తుప్పు. ఈ ఉప్పునీటి తుప్పు మీద ఓడల వాళ్ళ పోరాటం డీజిల్ ఇంజిన్ కంటే చాలా పాతది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున ఉండే రాగి రేకులకి జింకు, ఇనుము ముక్కలు తగిలించి, రాగి బదులు అవి అరిగిపోయేట్టు చేశాడు. రాగి నిక్షేపంగా ఉంది. కానీ అంతకుముందు కొద్దికొద్దిగా కరుగుతూ విషంగా పనిచేసిన రాగి ఇప్పుడు కరగడం మానేసేసరికి, ఓడల అడుగున నత్తలూ నాచూ గుంపులుగా పట్టి ఓడలు నెమ్మదించాయి. ఒక బగ్గు సరిచేస్తే ఇంకో బగ్గు లేచింది! సాఫ్ట్‌వేర్‌లో మనం రోజూ చూసేదే. డేవీ చిట్కా తరవాతి కాలంలో ఇంజిన్లలోకి వచ్చింది. ఇవాళ్టికీ ఉప్పునీళ్ళు తిరిగే కూలర్లలో జింకు కడ్డీలు పెడతారు, అవి అరిగాక మారుస్తారు.

రెండు నీళ్ళ పద్ధతి

ఓడల ఇంజినీర్లు చివరికి కనుక్కున్న దారి ఏంటంటే, ఇంజిన్ చుట్టూ మంచినీళ్ళే తిప్పడం, అవే నీళ్ళని మళ్ళీ మళ్ళీ వాడటం. ఆ మంచినీళ్ళని ఒక కూలర్‌లో సముద్రపు నీళ్ళతో చల్లార్చడం. సముద్రపు నీళ్ళు ఇంజిన్‌ని ముట్టుకోవు. ఉప్పుని తట్టుకోవాల్సింది ఆ కూలర్ ఒక్కటే, దాన్ని ఖరీదైన లోహంతో చేసుకుంటే చాలు. ఇప్పటి పెద్ద ఓడల్లో టైటానియం పలకలతో చేస్తున్నారు.

ఇక్కడే కూలెంట్ అనేది ఒక వస్తువుగా పుట్టింది. పారే నీళ్ళకి మందు కలపలేం, కలిపితే సముద్రంలో కలిసిపోతుంది. మూసిన చట్రంలో తిరిగే నీళ్ళకి అయితే కలపొచ్చు. ఒకసారి కలిపితే నెలల తరబడి పనిచేస్తుంది.

మన రైల్వేలో కూడా ఇదే మార్పు ఇంకో రూపంలో వచ్చింది. ఆవిరి ఇంజిన్ నీళ్ళు తాగే జంతువు. తాగింది తాగినట్టు ఆవిరిగా వదిలేస్తుంది, దాంట్లోని సున్నమంతా బాయిలర్‌లో మిగిలిపోతుంది. అందుకే దారిపొడుగునా స్టేషన్లలో నీళ్ళ ట్యాంకులు, పెద్ద పెద్ద గొట్టాలు, షెడ్లలో బాయిలర్లు కడిగే పని. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోండి. 1960లలో మీటర్ గేజ్ మీదకి వైడీఎం-4, బ్రాడ్ గేజ్ మీదకి డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. రెండూ అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనాలు, తరవాత వారణాసిలో తయారయ్యాయి. డబ్ల్యూడీఎం-2 లో కూలింగ్ నీళ్ళు సుమారు 1200 లీటర్లు. అవే తిరుగుతుంటాయి. దారిలో నీళ్ళు తాగక్కర్లేదు. 1980లలో బెంగుళూరు లైను బ్రాడ్ గేజ్ అయ్యాక, ధర్మవరం మీదుగా పోయే ఈ ఇంజిన్లకి పక్కనే గుత్తి డీజిల్ షెడ్డు ఉండేది.

ఇక్కడో తమాషా సంగతి. డబ్ల్యూడీఎం-2 లో ఉన్నది ఆల్కో 251 అనే 16 సిలిండర్ల ఇంజిన్. అదే 251 కుటుంబపు ఇంజిన్లు అమెరికా కోస్ట్ గార్డు వాళ్ళ రిలయన్స్ తరగతి నౌకల్లో చాలావాటిని నడిపాయి. నాసా వాళ్ళు రాకెట్లని మోసుకెళ్ళే పెద్ద క్రాలర్ బండిలోనూ అవే ఉన్నాయి. కాబట్టి హిందూపురం స్టేషన్లో నిలబడి డీజిల్ ఇంజిన్ గుడగుడ విన్నవాళ్ళు ఒక ఓడ ఇంజిన్ చప్పుడు విన్నట్టే లెక్క. ఇప్పుడా లైను మీద కరెంటు తీగలొచ్చాయి, ఆ గుడగుడ తగ్గిపోయింది.

పసుపుపచ్చ విషం

సరే, మూసిన చట్రంలో నీళ్ళకి ఏం కలపాలి? మొదట్లో ఓడల మీద నీళ్ళలో కలిసే ఒక రకం నూనె పోసేవాళ్ళు. తుప్పు ఆగేది గానీ, ఎక్కువైతే జిడ్డుగా పేరుకుని అదే ఒక పొర అయ్యేది. ఆ తరవాత వచ్చింది క్రోమేట్. సోడియం క్రోమేట్ నీళ్ళలో కలిపితే ఇనుము మీద కంటికి కనపడని గట్టి పొర ఏర్పడి తుప్పు దాదాపు ఆగిపోతుంది. చవక. నీళ్ళు పసుపుపచ్చగా మారతాయి కాబట్టి మందు ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఓడల్లో, రైలింజిన్లలో, ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లలో దీని రాజ్యమే నడిచింది.

ఇంజిన్ వైపు నుంచి చూస్తే క్రోమేట్‌లో పెద్దగా వంక పెట్టడానికి లేదు. మనిషి వైపు నుంచి చూస్తే అది క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ క్రోమియం.

ఓడల వాళ్ళకి ఈ సంగతి ముందు తట్టడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. పెద్ద ఓడల్లో ఇంజిన్ జాకెట్ నీళ్ళ వేడిని వృథాగా పోనివ్వరు. ఆ వేడితో సముద్రపు నీళ్ళని తక్కువ ఒత్తిడిలో మరిగించి, ఆవిరిని పట్టి మంచినీళ్ళు చేసుకుంటారు. సిబ్బంది తాగేదీ, వండుకునేదీ ఆ నీళ్ళే. అంటే తాగే నీళ్ళకీ క్రోమేట్ నీళ్ళకీ మధ్య ఒక పల్చటి గొట్టం గోడ మాత్రమే అడ్డు. ఆ గొట్టానికి చిల్లి పడితే? అందుకే జాకెట్ నీళ్ళతో మంచినీళ్ళు చేసే ఓడల్లో క్రోమేట్ వాడకూడదన్నారు. బోరేట్, నైట్రైట్ కలిసిన మందులకి మారారు. ఇంజిన్‌కి ఏది మంచిది అన్న ప్రశ్న పక్కన, అది కారితే ఎవరు తాగుతారు అన్న రెండో ప్రశ్న మొదటిసారి చేరింది. కూలెంట్ చరిత్ర మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించే మలుపు ఇదే.

నేల మీద ఉన్నవాళ్ళకి ఈ రెండో ప్రశ్న ఆలస్యంగా తట్టింది. కాలిఫోర్నియాలో హింక్లీ అనే ఊరి దగ్గర పీజీ అండ్ ఈ అనే గ్యాస్ కంపెనీ 1952 నుంచి 1966 దాకా తమ కూలింగ్ టవర్లలో క్రోమియం మందు వాడి, ఆ నీళ్ళని అడుగున ఏ లైనింగూ లేని గుంటల్లోకి వదిలింది. అది భూగర్భ జలంలోకి దిగింది. 1996లో ఆ ఊరివాళ్ళకి 33 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. 2000లో వచ్చిన ఎరిన్ బ్రోకోవిచ్ సినిమా ఆ కథే. జూలియా రాబర్ట్స్‌కి ఆస్కార్ వచ్చిందని చాలామందికి గుర్తుంటుంది, దాని వెనకున్నది ఇంజిన్ చల్లార్చే నీళ్ళని తెలిసినవాళ్ళు తక్కువ.

అంత దూరం కూడా అక్కర్లేదు. మన చిత్తూరు సరిహద్దు దాటితే రాణిపేట. అక్కడ తోళ్ళ పరిశ్రమకి క్రోమియం లవణాలు చేసిన ఫ్యాక్టరీ ఒకటి 1990ల మధ్యలో మూతపడింది. లక్ష టన్నులకు పైగా క్రోమియం చెత్త అక్కడే గుట్టగా మిగిలింది. వాన పడ్డప్పుడల్లా పసుపుపచ్చ నీళ్ళు కిందికి దిగుతాయి. అది కూలెంట్ కోసం చేసింది కాదు, కానీ విషం ఒకటే, అది దిగే దారీ ఒకటే.

సగం మందు, పూర్తి నష్టం

బోరేట్, నైట్రైట్ మందు ఓడలకీ, మన రైల్వే డీజిళ్ళకీ బాగానే కుదిరింది. గుత్తిలాంటి షెడ్లలో లవణాలు తీసేసిన నీళ్ళ ప్లాంట్లు పెట్టి, ఆ నీళ్ళలో మందు కలిపి ఇంజిన్లకి పోసేవాళ్ళు. మనకి చలి సమస్య లేదు కాబట్టి గడ్డకట్టకుండా ఉండే గ్లైకాల్ అక్కర్లేదు.

నైట్రైట్ చేసే మేలు ఇంకోటి ఉంది. డీజిల్ ఇంజిన్‌లో పేలుడు జరిగినప్పుడల్లా సిలిండర్ గోడ సన్నగా కంపిస్తుంది. గోడ వెనక్కి లాగినప్పుడు దాని పక్కనున్న నీళ్ళలో చిన్న చిన్న బుడగలు పుట్టి, మరుక్షణం పగులుతాయి. ఆ పగిలే దెబ్బ చాలా గట్టిది. ఓడల చక్రాలు గుంటలు పడటం చూసి 1917లో లార్డ్ రేలీ దీని లెక్క కట్టాడు. అదే దెబ్బ సిలిండర్ బైటి గోడకి గంటల తరబడి తగిలితే సూది గుచ్చినట్టు గుంటలు పడి, చివరికి చిల్లి పడి, నీళ్ళు నూనెలో కలుస్తాయి. నైట్రైట్ ఆ గోడ మీద పొర కట్టి కాపాడుతుంది.

కానీ నైట్రైట్‌తో ఒక చిక్కుంది. మందు తగ్గితే సగం రక్షణ ఉంటుందిలే అనుకుంటాం కదా. ఉండదు. తగ్గినప్పుడు గోడలో ఎక్కువ భాగం మీద పొర ఉండి, అక్కడక్కడ మాత్రమే ఖాళీలు మిగులుతాయి. తుప్పు పట్టే శక్తంతా ఆ చిన్న ఖాళీల మీద పడి లోతుగా తొలిచేస్తుంది. మందు అసలు లేని ఇంజిన్ పైపైన తుప్పు పడితే, సగం మందున్న ఇంజిన్‌కి చిల్లులు పడతాయి. అందుకే ఓడల మీద వారానికోసారి పరీక్ష చేస్తారు. నైట్రైట్ సాధారణంగా లీటరుకి 1000 మిల్లీగ్రాముల పైన, క్లోరైడ్ 50 లోపు ఉండాలి. క్లోరైడ్ పెరుగుతోందంటే కూలర్ ఎక్కడో కారి సముద్రం లోపలికొస్తోందని అర్థం. లాగ్ ఫైలు చదివినట్టే.

రంగు చూసి మోసపోకండి

ఇహ గ్లైకాల్. ఇథిలీన్ గ్లైకాల్‌ని 1856లో ఫ్రాన్స్‌లో వుర్ట్జ్ తయారుచేశాడు. 1920లలో కార్లకి వాడకం మొదలైంది, ఆ తరవాత విమానాల ఇంజిన్లలోకీ వెళ్ళింది. నీళ్ళు సగం, ఇది సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దాకా మరగదు. కానీ ఆ మిశ్రమానికి వేడి మోసే శక్తి ఒట్టి నీళ్ళకంటే తక్కువ. చల్లటి దేశాల రేవుల్లో తిరిగే పడవలకీ, జెనరేటర్లకీ అవసరం. ఎప్పుడూ వెచ్చగా ఉండే ఇంజిన్ గది ఉన్న పెద్ద ఓడకి అక్కర్లేదు. అందుకే ఈనాటికీ పెద్ద ఓడల్లో మందు కలిపిన ఒట్టి నీళ్ళే తిరుగుతుంటాయి. గ్లైకాల్ కలిపిందే గొప్ప కూలెంట్ అని అనుకోనక్కర్లేదు.

1990ల నుంచి సేంద్రియ ఆమ్లాలతో చేసిన కూలెంట్లు వచ్చాయి. పాతవి రెండేళ్ళకోసారి మార్చాలి, ఇవి అయిదేళ్ళు నిలుస్తాయి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబి అని రంగులు పెట్టారు. ఆ రంగుకి ఏ ప్రపంచ ప్రమాణమూ లేదు, కంపెనీ ఇష్టం. కాబట్టి రంగు ఒకటేనని రెండు రకాలు కలపకూడదు. కలిపితే రెండు మందులూ ఒకదాన్నొకటి దెబ్బతీసుకోవచ్చు, జిగురులా పేరుకోవచ్చు కూడా.

మన ఊళ్ళకి నేరుగా తగిలే విషయం ఒకటి ఇక్కడుంది. యూరప్ కంపెనీలు కూలెంట్‌లో ఫాస్ఫేట్ వద్దన్నాయి, ఎందుకంటే అక్కడి నీళ్ళు కఠినం, ఫాస్ఫేట్ కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ గార కడుతుంది. జపాన్, కొరియా కంపెనీలు ఫాస్ఫేట్ వాడాయి, సిలికేట్ వద్దన్నాయి. అక్కడి నీళ్ళు మెత్తనివి. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్న కియా కొరియా కంపెనీయే. ఆ ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి, అంటే హంద్రీ-నీవా కాలవలో శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు. బండి ఫ్యాక్టరీ దాటేటప్పుడు అందులో ఉన్న కూలెంట్ బాగానే ఉంటుంది. తరవాత ఎక్కడో రోడ్డు పక్కన మట్టం తగ్గిందని బోరు నీళ్ళు పోస్తేనే గొడవ. కొరియా నుంచి వచ్చిన ఫాస్ఫేట్, అనంతపురం కాల్షియం కలిస్తే ఏమవుతుందో యూరప్ వాళ్ళు ముందే చెప్పారు.

తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం ప్రకారం వేరే దిక్కు లేనప్పుడు లీటరుకి 600 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఒప్పుకుంటారు. ఇంజిన్ కంపెనీలు కూలెంట్‌లో కలిపే నీళ్ళకి 170, 180 దగ్గరే గీత గీస్తాయి. అంటే మనిషి తాగగలిగిన నీళ్ళు ఇంజిన్ తాగలేదు! బెంగుళూరు రోడ్డు మీద ఓ లారీలో రోజుకి రెండు లీటర్ల చొప్పున 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళు పోశారనుకోండి. ఏడాదికి 730 లీటర్లు, దాదాపు 290 గ్రాముల సున్నం. పావుకిలో పైన, అదీ వేడిగా ఉన్నచోటే. రోజూ నీళ్ళు పోయాల్సొస్తోందంటే పొయ్యడం కాదు చెయ్యాల్సింది, ఎక్కడ కారుతోందో చూడటం. డ్రైవర్లకి ఇది తెలియక కాదు, ఆగితే కిరాయి పోతుంది. కానీ హెడ్డు పోతే పోయేది ఒక రోజు కిరాయి కాదు.

తీసిన పాత కూలెంట్ ఎక్కడికి?

కూలెంట్ మార్చడం గురించి రాసేవాళ్ళందరూ ఇంజిన్ చల్లారాకే మూత తియ్యండి, పాతది పూర్తిగా వదలండి, లవణాలు తీసిన నీళ్ళతో కడగండి, ఒకే రకం పోయండి, గాలి బుడగలు పోయేదాకా నడపండి అని రాస్తారు. అన్నీ సరైనవే. తీసిన పాతది ఎక్కడ పొయ్యాలో మాత్రం చాలామంది రాయరు.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి. పెద్ద మనిషి ప్రాణం తియ్యడానికి కూడా వంద మిల్లీలీటర్ల ప్రాంతంలో చాలు. ఒంట్లోకి పోయాక ఆక్సలేట్ పలుకులుగా మారి మూత్రపిండాలని పాడుచేస్తుంది. దాన్ని పాత మంచినీళ్ళ సీసాలో పోసి షెడ్డులో మూలన పెట్టడం అంటే ఎవరికో ఉచ్చు పెట్టడమే. ఇక మెకానిక్ షెడ్డు ముందు మట్టిలోకి వదిలేస్తే, దాంతో పాటు ఇంజిన్‌లో అరిగిన సీసం, రాగి కూడా దిగుతాయి.

ఓడ నడిపేవాడికి చుట్టూ సముద్రం ఉంది, అయినా తన తాగునీటి గొట్టం పక్కనే ఉంది కాబట్టి క్రోమేట్ వదులుకున్నాడు. హింక్లీలో గుంటలు తవ్వినవాళ్ళకి ఆ గొట్టం కనపడలేదు, అది భూమి లోపల ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్ళకి కూడా అది భూమి లోపలే ఉంది. ఇప్పటికే ఫ్లోరైడ్‌తో బాధపడుతున్న నీళ్ళు అవి. వందల అడుగులు బోరు వేసినా ఒక్కోసారి పడని నీళ్ళు. మనకి ఇంకో సముద్రం లేదు, చుట్టూ ఇంకో నది కూడా నిండుగా పారట్లేదు. చిత్రావతి ఎన్నాళ్ళు పారుతుందో ధర్మవరం వాళ్ళనడగండి.

నాకు తోచిన పరిష్కారం పెద్దదేం కాదు. పాత ఇంజిన్ ఆయిల్‌ని కొనేవాళ్ళు ఇప్పటికే ప్రతి ఊళ్ళో ఉన్నారు, డబ్బులొస్తాయి కాబట్టి దాన్ని ఎవరూ పారబొయ్యరు. పాత కూలెంట్‌ని కొనేవాళ్ళు లేరు కాబట్టి అది మట్టిలోకి పోతోంది. బండ్లు చేసే కంపెనీలూ, కూలెంట్ అమ్మే కంపెనీలూ తమ సర్వీసు సెంటర్లలో పాతది వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టి, ఒక లీటరుకి పది రూపాయలు తగ్గిస్తామన్నా చాలు, సగం పని అయిపోతుంది. గ్లైకాల్‌ని శుద్ధి చేసి మళ్ళీ వాడే పద్ధతులు ఎప్పట్నుంచో ఉన్నాయి. అదయ్యేదాకా మనం చెయ్యగలిగింది, మెకానిక్‌ని ఒక్క మాట అడగటం. "అన్నా, పాతది ఎక్కడ పోస్తావ్?" అని. మొదటిసారి నవ్వుతాడు. పదిమంది అడిగితే ఒక డబ్బా పెడతాడు.